సి-5 దెబ్బ: ఊపిరి కసరత్తు మిషన్ కొనాలా, మూడు బంతులదే చాలా?

నర్సంపేట_తమ్ముడు:

అందరికీ నమస్తే. మా బావ గురించి అడుగుతున్నా. ఆయన గీత కార్మికుడు, మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది, రిపోర్టులో సి-5 కంప్లీట్ అని రాశారు, అంటే మెడలో ఐదో నంబరు దగ్గర పూర్తి దెబ్బ. భుజాలు ఎత్తుతాడు, మోచేతులు మడుస్తాడు, వేళ్లు మాత్రం కదలవు, ఛాతీ కింది నుంచి స్పర్శ లేదు. మొదట్లో వెంటిలేటర్ మీద ఉన్నాడు, గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు వేశారు, తర్వాత తీసేశారు, ఆ రంధ్రం మూసుకుపోయింది కూడా. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, అన్నీ మా అక్కే చూసుకుంటుంది.

అసలు బాధ ఊపిరితోనే. తెమడ గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది, బయటికి రాదు. దగ్గుతాడు గానీ అది దగ్గులా ఉండదు, గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది అంతే. చలికాలంలో నిమ్ము చేసి మళ్లీ అడ్మిట్ చేయాల్సి వచ్చింది. డిశ్చార్జ్ రోజు మూడు బంతుల మిషన్ ఒకటి చేతిలో పెట్టి "ఇది పీలుస్తూ ఉండండి" అన్నారు, రోజుకు ఎన్నిసార్లు, పడుకునా కూర్చునా, ఎందుకు, ఏదీ చెప్పలేదు. ఏ ఆస్పత్రో ఇక్కడ రాయను, అందరూ అంతే అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంటికొచ్చే ఫిజియో సార్ స్ప్రింగ్ ఉండే వేరే మిషన్ కొనమంటున్నాడు, దాంతో ఊపిరి కండరాలకు బలం వస్తుందట. నాలుగు వేల పైనే చెప్తున్నారు, అంటే ఆయనకు వచ్చే 4,016 పింఛను ఒక నెలది మొత్తం దానికే పోతుంది. కొంటే నిజంగా లాభం ఉంటుందా, లేక మూడు బంతులదానితోనే సరిపెట్టొచ్చా? మా బావేమో "పడిపోయిన కండరానికి ఎక్సర్‌సైజ్ ఏంది" అని నవ్వుతున్నాడు, ఆయనకు ఏం చెప్పాలో నాకూ తెలియట్లేదు. ఇంకో విషయం, పడుకున్నప్పుడు ఊపిరి బాగానే ఉంటుంది, కుర్చీలో కూర్చోబెడితే ఆయాసపడతాడు, రెండు మాటలు మాట్లాడితే ఆగుతాడు. రోజులు గడిచేకొద్దీ తగ్గాల్సింది పోయి ఇదేంటని అక్క భయపడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జగిత్యాల_చక్రాలు:

తమ్మీ, నాది సి-6. బండి యాక్సిడెంట్, చాలా ఏళ్లయింది. ముందు ఆ కూర్చుంటే ఆయాసం సంగతి చెప్తా, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు దాని టెన్షనే ఎక్కువ. మెడ దెబ్బ ఉన్నవాళ్లకు పడుకుంటే ఊపిరి బాగుండి కూర్చుంటే తగ్గడం మామూలు విషయం, గుండె జబ్బోళ్లకు, ఆస్తమా వాళ్లకు ఉండేదానికి ఇది సరిగ్గా తలకిందులు. చూడటానికి వచ్చిన చుట్టాలు "కూర్చోబెట్టండి, ఊపిరి ఆడుతుంది" అని సలహా ఇస్తారు, పాపం వాళ్లకు తెలిసింది అదే. నాకు పొట్టకు బెల్టు కట్టడం మొదలుపెట్టాకే కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం కుదిరింది. ఆపరేషన్ అయినవాళ్లు కట్టుకునే వెడల్పాటి సాగే బెల్టు, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, మిషన్ ధరలో చిన్న వంతు.

ఆ స్ప్రింగ్ మిషన్ నేను వాడుతున్నా. నాకు తేడా తెలిసింది ముఖ్యంగా మాటలో. ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగేవాణ్ణి, ఇప్పుడు ఫోన్లో అవతలివాళ్లు "గట్టిగా మాట్లాడు" అనడం తగ్గింది. దగ్గు మాత్రం గొప్పగా మారలేదు, దానికి ఇప్పటికీ మా తమ్ముడి చేతులు పొట్ట మీద పడాల్సిందే. కాబట్టి దగ్గు కోసం అని కొంటే నిరాశ పడతారు, ముందే చెప్తున్నా.

ఇంకోటి, దాన్ని ఎవరు పట్టుకోవాలి అన్నది ఎవరూ ఆలోచించరు. మీ బావకు వేళ్లు రావు, అక్క రోజుకు రెండు పూటలా నోటి దగ్గర పట్టుకుని కూర్చోవాలంటే ఆమెకు అదొక డ్యూటీ అవుతుంది. నేను మంచానికి బిగించే వంగే మొబైల్ స్టాండుకు దాన్ని కట్టేశా, నోటి దగ్గరికి సర్దితే నా అంతట నేను చేసుకుంటా.

హన్మకొండ_ఫిజియో:

నేను ఈ పనిలోనే ఉన్నాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. పేషెంట్‌ను చూడకుండా మోతాదు చెప్పలేను గానీ లెక్క ఎలా ఉంటుందో చెప్తాను, దాన్ని పట్టుకుని మీ ఇంటికొచ్చే సార్‌ను అడగండి.

మీ బావ అడిగింది మంచి ప్రశ్న. పడిపోయిన కండరానికి ఈ కసరత్తు ఏమీ చేయదు, నిజమే. ఇది మిగిలిన కండరం కోసం. ఊపిరి పీల్చడంలో పెద్ద పని డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, చేస్తుంది, దానికి వెళ్లే నరం మెడలో 3, 4, 5 నంబర్ల దగ్గర మొదలవుతుంది. సి-5 దగ్గర దెబ్బ అంటే ఆ నరం మొదలయ్యే చోట్లలో పై రెండూ (3, 4) బాగున్నాయి, అందుకే వెంటిలేటర్ నుంచి బయటపడ్డాడు. మెడ పక్కన ఉండే కండరాలు, భుజం ఎత్తే కండరం కూడా పీల్చడానికి సాయం చేస్తాయి, అవీ కొంత ఉన్నాయి. పోయినవి పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు. పక్కటెముకలవాటి నరాలు వీపు పై భాగం నుంచి వరసగా వస్తాయి, పొట్టవి ఇంకా కింద, సుమారు టి-6 (వీపులో ఆరో నంబరు) నుంచి నడుము మొదలు దాకా. మామూలుగా ఊపిరి వదలడానికి ఏ కండరం పెద్దగా అక్కర్లేదు, ఊపిరితిత్తి దానంతట అది ముడుచుకుంటుంది. దగ్గడానికి మాత్రం పొట్ట కండరం కావాలి. మీరు చెప్పిన గొంతు సవరింపు లాంటి దగ్గుకు కారణం అదే.

కూర్చుంటే ఆయాసం ఎందుకో ఇప్పుడు తెలిసిపోతుంది. పొట్ట గోడకు బిగువు లేదు కాబట్టి కూర్చోగానే పేగులు ముందుకు, కిందికి జారతాయి, వాటితో పాటు డయాఫ్రం కూడా కిందికి దిగి చదునుగా అయిపోతుంది, ఇక అది లాగడానికి జాగా ఉండదు. పడుకుంటే పేగులు దాన్ని ఛాతీలోకి పైకి నెట్టి పెడతాయి, అక్కడి నుంచి అది బాగా లాగగలదు. బెల్టు చేసే పని పోయిన పొట్ట బిగువును బయటి నుంచి ఇవ్వడం. పక్కటెముకల కింది నుంచి తుంటి ఎముకల దాకా రావాలి, పక్కటెముకల మీదికి ఎక్కితే ఛాతీని బిగించేసి ఉన్న ఊపిరి కూడా పోగొడుతుంది. పడుకుని ఉండగానే కట్టి, ఆ తర్వాత కూర్చోబెట్టండి, మళ్లీ పడుకోబెట్టాక విప్పి చర్మం ఎర్రబడిందేమో చూడండి, ఆయనకు స్పర్శ తెలియదు కదా. కూర్చోగానే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం ఉంటే దానికీ కొంత సాయం చేస్తుంది.

ఇక మిషన్లు. మూడు బంతులది మీరు ఎంత వేగంగా పీలుస్తున్నారో చూపిస్తుంది, సాధారణంగా సెకనుకు 600, 900, 1200 మిల్లీలీటర్ల దగ్గర ఒక్కో బంతి లేస్తుంది. అందులో బరువు లేదు. కొంచెం తెలివైనవాళ్లు గబుక్కున చిన్న పీల్పు పీల్చి బంతిని ఎగరేసి "అయిపోయింది" అంటారు, ఊపిరితిత్తి నిండదు. నెమ్మదిగా, నిండుగా పీల్చి రెండు మూడు సెకన్లు పట్టి ఉంచితే ఊపిరితిత్తి అడుగు భాగాలు తెరుచుకోవడానికి పనికొస్తుంది, కాబట్టి పారేయకండి. కానీ కండరానికి బలం రావాలంటే బరువు మోయాలి. స్ప్రింగ్ మిషన్‌లో ఒక కవాటం ఉంటుంది, మీరు పెట్టిన ఒత్తిడి మేరకు లాగితేనే అది తెరుచుకుంటుంది, అంతకు తక్కువ లాగితే గాలి రాదు. వేగంగా పీల్చినా, నెమ్మదిగా పీల్చినా బరువు అదే. దొంగాట కుదరదు.

బరువు ఎంత పెట్టాలి అన్నది అసలు విషయం. ముందు ఆయన గరిష్ఠంగా ఎంత గట్టిగా లాగగలడో కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో ఇది సుమారు 100 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉంటుంది, మెడ దెబ్బ ఉన్నవాళ్లలో చాలా తక్కువ ఉండొచ్చు. ఉదాహరణకు 40 వచ్చిందనుకోండి, అందులో 30 శాతం అంటే 12 దగ్గర స్ప్రింగ్ పెట్టి మొదలుపెడతాం, సులువు అయ్యేకొద్దీ పెంచుకుంటూ పోతాం. పెంచకుండా అదే అంకె మీద నెలలు చేయించేవాళ్లను చూశాను, అది టైమ్ వేస్ట్. ముక్కుకు క్లిప్పు, పెదవులు గట్టిగా మూసి, ఒక సెట్‌కు ఓ డజను పీల్పులు, మధ్యలో విశ్రాంతి, రోజుకు రెండు పూటలు, వారానికి 5 రోజులు అన్నది చాలా పరిశోధనల్లో వాడిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. తల తిరిగితే ఆపాలి, అది గబగబా పీల్చడం వల్ల వస్తుంది.

లాభం ఎంత అంటే, 2013లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో (అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి తూచి చూసేది) 11 పరీక్షలు, 212 మందిని కలిపి చూశారు. పీల్చే బలం, వదిలే బలం పెరిగాయి, ఊపిరితిత్తి పట్టే గాలి కూడా కొంత పెరిగింది. 2020లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పరీక్షలో 62 మందికి ఆరు వారాలు చేయించి చూస్తే పీల్చే బలం పెరిగింది. నిమ్ము రాకుండా ఆపుతుందని మాత్రం గట్టిగా తేలలేదు, ఎవరైనా అలా చెప్పి అమ్మితే నమ్మకండి. నెదర్లాండ్స్‌లో 2014లో 40 మందితో చేసిన పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది, కసరత్తు అయిపోయిన వెంటనే కనిపించిన తేడా, ఆపేసిన కొన్ని వారాలకే నిలబడలేదు. అంటే కొన్నాక అది బీరువాలోకి పోతే నాలుగు వేలూ పోయినట్టే.

నా అభిప్రాయం అడిగితే, మీ బావకు ఇది పనికొస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్నన్నాళ్లూ డయాఫ్రం పని లేక నీరసపడుతుంది, దాన్ని తిరిగి లేపాలి. కానీ డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ముందు బెల్టు, తర్వాత దగ్గించడం నేర్చుకోవడం, ఆ తర్వాతే మిషన్.

ఎవరు చేయకూడదో కూడా చెప్పాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, పక్కటెముక విరిగి అతకనివాళ్లు, చెవి కర్ణభేరికి ఈ మధ్య దెబ్బ తగిలినవాళ్లు డాక్టర్ సరే అనేదాకా దీని జోలికి పోవద్దు. చెట్టు మీంచి పడ్డాడు కాబట్టి పక్కటెముకల సంగతి పాత ఎక్స్‌రేలో చూసుకోండి. గొంతు రంధ్రం పూర్తిగా మూసుకుపోయిందో లేదో కూడా, దగ్గినప్పుడు అక్కడ గాలి బుసబుసలాడితే మిషన్ మీద ఒత్తిడి నిలవదు.

కరీంనగర్_యోగా:

ఇంత ఖర్చు ఎందుకండీ, బెలూన్లు ఊదించండి, రోజూ కపాలభాతి చేయించండి, నాలుగు నెలల్లో తేడా కనిపిస్తుంది. మా దగ్గర ఆస్తమా వాళ్లు ఎంతమందో బాగుపడ్డారు. మిషన్లన్నీ కంపెనీల వ్యాపారం.

హన్మకొండ_ఫిజియో:

అన్నా, యోగా మీద నాకు గౌరవం ఉంది, నేనూ చేస్తాను. కానీ కపాలభాతిలో ఊపిరి బయటికి కొట్టేది ఏది? పొట్ట. ఈయనకు లేనిదే అది. భుజాలు ఊపి ఊపి తల తిరగడం తప్ప ఏమీ రాదు. బెలూన్ కూడా వదిలే కసరత్తే, పీల్చే కండరానికి దాంతో బరువు పడదు. అలాగని వదిలే బలం పూర్తిగా సున్నా అని కాదు, మెడ దెబ్బ ఉన్న కొందరిలో ఛాతీ పైభాగం కండరం, కాలర్ ఎముక దగ్గరిది, నరం పై నుంచి వస్తుంది కాబట్టి పక్కటెముకలను కొంచెం నొక్కి దగ్గుకు సాయం చేస్తుంది. సి-5 కంటే సి-6, సి-7 వాళ్లలో అది బాగుంటుంది. దాన్ని పెంచడానికి చేతుల కసరత్తులే మంచివి.

యోగాలో పనికొచ్చేది కావాలంటే నిండుగా పీల్చి పొడుగ్గా ఓం అనడం, భ్రామరి. పాట ఇంకా మంచిది. ఆస్ట్రేలియాలోనే మెడ దెబ్బ ఉన్న 24 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో 12 వారాలు పాటలు పాడించారు, 2013లో ఆ ఫలితం వచ్చింది. గొంతు బలం కొంచెం మెరుగైంది, ఊపిరి మెరుగైనట్టు కనిపించినా గట్టిగా తేలలేదు. మనసు మాత్రం రెండు గుంపుల్లోనూ తేలికపడింది, రెండోవాళ్లు పాడకుండా పాటలు విని మాట్లాడుకున్నవాళ్లే అయినా. మీ బావకు భజనలు, జానపదాలు వస్తే పాడించండి, పైసా ఖర్చు లేదు. కాకపోతే అది స్ప్రింగ్ బరువుకు బదులు కాదు.

నర్సంపేట_తమ్ముడు:

సార్, అన్నా, చాలా థాంక్స్. బావకు చదివి వినిపించా. పడిపోయినదానికి కాదు మిగిలినదానికి అన్న మాట ఆయనకు నచ్చింది, "ముందే అట్ల చెప్తే అయిపోవు కదా" అన్నాడు. పాటల సంగతి చెప్పగానే అక్క నవ్వింది, కల్లు మండువ దగ్గర ఆయన గొంతు ఊరంతా వినపడేదట.

దగ్గించడం నేర్చుకోవాలి అన్నారు కదా, అది ఎలా? ఆస్పత్రిలో గొంతులోకి పైపు వేసి తెమడ లాగేవాళ్లు, ఇంట్లో అది మాకు చేతకాదు, భయం కూడా.

వార్డ్_సిస్టర్_వరంగల్:

తమ్ముడూ, నేను నర్సును, న్యూరో వార్డులో చాలాకాలం చేశాను. చేతులతో దగ్గించడం కష్టం కాదు గానీ మొదటిసారి తప్పకుండా మీ ఫిజియో ముందు అక్కతో చేయించండి, చదివి చేయొద్దు.

పడుకోబెట్టి, బెల్టు విప్పి, బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోటుకు కింద అరచేతి మడమ పెట్టాలి. పక్కటెముకలు కలిసే చోట ఉండే ఎముక మొన మీద మాత్రం వద్దు. ఆయన రెండు మూడు నిండు ఊపిర్లు తీసుకుని, చివరిదాన్ని ఒక క్షణం ఆపి, దగ్గడం మొదలుపెట్టగానే మీరు లోపలికి, పైకి ఒక్క నెట్టు. అంతా టైమింగ్‌లోనే ఉంది, ఆయన దగ్గక ముందే నెడితే దండగ, దగ్గాక నెడితే ఇంకా దండగ. ఇద్దరూ కలిసి ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకోండి. అన్నం తిన్నాక గంటన్నర, రెండు గంటల దాకా చేయొద్దు, కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు వచ్చాయని పొట్టలో ఫిల్టర్ వేసి ఉంటే అసలు చేయొద్దు, డిశ్చార్జ్ కాగితంలో ఉందేమో చూడండి. పొట్ట ఆపరేషన్ అయినా, పక్కటెముకలు విరిగినా అంతే.

లోపల గాలి తక్కువ ఉంటే ఎంత నెట్టినా దగ్గు రాదు, అందుకే పీల్చే బలం పెంచడం దగ్గుకు కూడా ఒక రకంగా సాయమే. గాలి నింపడానికి అంబు బ్యాగుతో (చేత్తో నొక్కి గాలి ఎక్కించే సంచి) ఊపిరి మీద ఊపిరి ఎక్కించే పద్ధతి ఉంది, మిషన్‌తో దగ్గించే పద్ధతీ ఉంది, అది ఖరీదు. దగ్గు ఎంత బలంగా ఉందో గాలి వేగం చూపించే చిన్న పీక్ ఫ్లో మీటరులోకి దగ్గించి కొలుస్తారు. నిమిషానికి 160 లీటర్ల కంటే తక్కువ వస్తే తెమడ తనంతట తాను తీయలేడని అర్థం. 270 కంటే తక్కువ ఉన్నవాళ్లకు జలుబు చేస్తే చాలు ప్రమాదం. మీ ఫిజియోను ఆ అంకె అడగండి, ఖరీదైన పరీక్ష ఏం కాదు.

నీళ్లు చాలినన్ని తాగితేనే తెమడ పలుచగా ఉంటుంది, అయితే మూత్రం పైపు ఉంటే ఎన్ని తాగాలో డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం. తాగేటప్పుడు పొలమారుతుంటే కసరత్తు తర్వాత, ముందు మింగడం సంగతి చూపించండి. ఇన్‌ఫ్లుయెంజా టీకా, న్యుమోనియా టీకా వేయించారా? చాలామందికి ఎవరూ చెప్పరు, వేయించకపోతే డాక్టర్‌ను అడగండి.

మీది నర్సంపేట వైపు అంటున్నారు, మిర్చి కోతల టైమ్‌లో వాకిట్లో ఆరబోస్తారా? ఆ ఘాటుకు మామూలువాళ్లం తుమ్మి, దగ్గి బయటపడతాం, ఈయన అది చేయలేడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ చుట్టుపక్కల ఉండేవాళ్లు నాకు ఇదే చెప్పేవాళ్లు. మంచం ఇంకో గదిలోకి మార్చండి, లేదా మిర్చి ఇంకెక్కడైనా ఆరబోయండి. ఆయన పక్కన బీడీలు తాగేవాళ్లను కూడా బయట కూర్చోబెట్టండి, చుట్టాలైనా సరే.

చివరగా రెండు గుర్తులు. ఒకటి, ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, మెడ పైన చెమటలు. ఇది టి-6, ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకు వస్తుంది, బీపీ పైకి పోతుంది. ఎక్కువసార్లు కారణం మూత్రం పైపు మడతపడటమో, మలబద్ధకమో, బెల్టు బిగుతో. వెంటనే కూర్చోబెట్టి, బెల్టు, బట్టలు వదులు చేసి, పైపు చూడండి, తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాళ్లకు మామూలు బీపీయే 90, 100 ఉంటుంది, 140 చూసి "పర్వాలేదు" అనే డాక్టర్ కూడా తగలొచ్చు, అప్పుడు ఆయన మామూలు అంకె ఎంతో మీరే చెప్పాలి. రెండోది, పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు. రాత్రి గాలి సరిగ్గా ఆడక బొగ్గుపులుసు వాయువు పేరుకున్నప్పుడు ఇలా ఉంటుంది, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉన్నా ఇలాగే ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ వాయువును చూపించదు, అందులో అంకె బాగుందని ఊరుకోవద్దు.

నర్సంపేట_తమ్ముడు:

అమ్మో, మిర్చి సంగతి అసలు ఆలోచించలేదు మేడమ్. మాది వాకిలి నిండా మిర్చే. ఈసారి మా చిన్నాన్న కళ్లంలో పోయిస్తాం. పొద్దున తలనొప్పి అయితే లేదు, టీకాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, అడుగుతా.

మిషన్ గురించి ఒక్క సందేహం. మా పక్క ఊర్లో ఇంకొకాయన కూడా చెట్టు మీంచి పడ్డాడు, ఆయన సగం డబ్బులు ఇస్తా, ఇద్దరం కలిసి ఒకటి కొందాం అంటున్నాడు.

హన్మకొండ_ఫిజియో:

వద్దు. ఒకరి నోట్లో పెట్టింది ఇంకొకరు వాడితే తెమడతో పాటు రోగమూ పోతుంది, అసలే ఇద్దరికీ దగ్గు లేదు. మౌత్‌పీసు విడిగా కొనుక్కున్నా లోపలి కవాటంలో తడి ఉంటుంది. ఎవరిది వాళ్లే వాడాలి, రోజూ గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, మంచినీళ్లతో జాడించి, గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగ్ ఉన్నది కాబట్టి మరిగే నీళ్లలో వేయకండి. ఇంకో మాట, కొనేటప్పుడు దాని స్ప్రింగ్ ఎంత తక్కువ నుంచి మొదలవుతుందో చూడండి. ఆటగాళ్ల కోసం చేసిన కొన్ని మిషన్లు మొదటి అంకె దగ్గరే చాలా గట్టిగా ఉంటాయి, మీ బావ దాన్ని తెరవలేడు. 10 లోపు నుంచి మొదలయ్యేది తీసుకోండి.

భూపాలపల్లి_అక్క:

మిషన్ డబ్బుల గురించి రాశారు కాబట్టి చెప్తున్నా. చెట్టు మీంచి పడిన గీత కార్మికులకు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది, శాశ్వత వైకల్యానికి కూడా. సొసైటీ మెంబర్ కార్డో, లైసెన్సో, మెడికల్ బోర్డు సర్టిఫికెట్, పడ్డప్పటి పంచనామా కాగితాలు పట్టుకుని మీ ఎక్సైజ్ స్టేషన్‌లో అడగండి. మా మరిదిది ఫైలు చాలా రోజులు ఆఫీసులో ఊరికే పడి ఉంది, సంఘం వాళ్లను వెంటబెట్టుకుని వెళ్తేనే కదిలింది. 2024 నుంచి చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు కూడా ఇస్తున్నారు, మీ ఇంట్లో ఇంకెవరైనా చెట్టెక్కుతుంటే అడిగి తీసుకోండి.

జగిత్యాల_చక్రాలు:

తమ్మీ, స్టాండు గురించి మెసేజ్‌లో అడిగావు కదా, ఇక్కడే చెప్తా, అందరికీ పనికొస్తుంది. సన్నటి తీగది కొనకు, మిషన్ బరువుకు వంగిపోతుంది. మంచం పట్టీకి స్క్రూతో బిగించే దళసరిది తీసుకో. ఫోన్ పట్టుకునే క్లిప్పులో మిషన్ జారుతుంది, చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించు. ముక్కు క్లిప్పు తీయడం ఆయనకు చేతకాదు కాబట్టి మొదట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. నేనైతే క్లిప్పు మానేసి, మోచేయి మడిచి మణికట్టుతో ముక్కు నొక్కుకుంటా, సి-5కి కూడా అది వస్తుందేమో ఆయన్నే ఒకసారి చేసి చూడమను.